నూరు కాడ

నాలుగ్గంటల పాసింజరు కాశీబుగ్గ గేటు కాడ కూసేసరికి
నాను పొయ్యి ముట్టించీయాల.
జీడితోటలో ఏరుకొచ్చిన ఎండు పుల్లలు,
మీద రెండు సరుగుడు కర్రలు,
మా అత్త బుడితిలో కొన్న ఇత్తడి కాగు.
అత్త మోకాళ్లకి కాపడం, పిల్లలకి తానం,
ముసురు పట్టిందంటే తాగడానికీ అదే.
అడుగున మసి. లోపల తెల్లగా చెక్కు కట్టీసినాది,
గోరుతో గీకితే రాదు.
"అది నీటిలోదేనమ్మా," అంటాది మా గుంట.
"నీరు పోతాది, రాయి మిగుల్తాది."

దమయంతి తొమ్మిదో తరగతి.
ఆయేల సైన్సు మేష్టార్ని బతిమాలి
జొరం సూసే గొట్టం లాంటిది, అంతకన్నా పొడుగుది, తెచ్చినాది,
పాత సీర గుడ్డలో సుట్టుకొని, పసిగుడ్డుని తెచ్చినట్టు.
దారం కట్టి కాగులోకి దించినాది.
అడుక్కి తగలకూడదట.
నాను బియ్యం కడుగుతూ ఓ కన్ను అటే ఏసినాను.

ముందు ఏటీ లేదు.
తరవాత కాగు సన్నగా మూలగడం మొదలెట్టినాది,
నిద్దట్లో పిల్ల మూలిగినట్టు.
"అడుగు నీరు కాగిపోనాది, పైనీరు ఇంకా సల్లగున్నాది.
బుడగ పైకొస్తా వస్తా మద్దెలోనే సచ్చిపోతన్నాది.
ఆ సప్పుడే అది."
యాభై అంది. డెబ్బై అంది.
ఎవులింటి కోడో కూసినాది, తొంభై అంది.
మూలుగు ఆగినాది.
ఆనక కాగంతా ఒక్కపాలి తెర్లిపోనాది.

"నూరు."
మరో కర్ర తోసినాను.
"నూరే."
ఊదుగొట్టం ఎట్టి ఊదినాను, కళ్లు మండినాయి,
మంట కాగు మెడ దాకా నాకినాది.
"నూరేనమ్మా."
"గొట్టం సెడిపోనాదేటే?"
"లేదు."
"మరి నా కర్ర ఎటు పోనాది?"

నవ్వలేదు మా గుంట. అదే నాకు నచ్చినాది.
"ఆ ఏడంతా నీటిని ఆవిరి సెయ్యడానికే పోతాది.
నీరు ఇంక ఏడెక్కదు. లేచెళ్లిపోతాది, అంతే.
మేష్టారు దానికో పేరు సెప్పినారు, గుప్తోష్ణం."
గుప్తం అంటే దాసుకున్నది.
నాకూ తెలుసు ఆ మాట.

బతుకు గురించి ఏదో అనబోయినాను.
పిక్కలు కొట్టి కొట్టి నల్లబడిన నా గోళ్ల గురించి,
ఎంత కాలినా పైకెక్కని కూలి గురించి.
నోటి దాకా వచ్చినాది.
అంతలో కర్ర కళ్లబడినాది.

"ఓలమ్మ! అయితే తెర్లినాక
ఇంత మంట దండగే గదే!"

లాగీసినాను.
బూడిదలో పొడిసి ఆర్పినాను.
కాగు తెర్లుతానే ఉన్నాది, ఏటీ తగ్గలేదు.
పద్దెనిమిదేళ్లు, రోజుకో కర్ర.
దమయంతి లెక్క కట్టబోతే
"నోర్ముయ్, ఎళ్లి తానం సెయ్" అన్నాను.

ఏడింటికి పేక్టరీలో బాయిలరు కాడ
బైరాగి మావనడిగినాను, "ఇదీ నూరేనా?"
"ఇది దాటుతాదే," అని ముల్లు సూపించినాడు.
"మూత బిగించినాం గదా. ఆవిరికి దారి లేకపోతే
నూరు కాడ ఎందుకాగుతాది?
పైన ఆ ఈల గొట్టం సూడు. ఎక్కువైనప్పుడు అది కూయాల.
కూయలేదంటే నువ్వూ ఉండవు, నానూ ఉండను."
లోపల పచ్చి పిక్కలు మగ్గుతన్నాయి.
ఆ ఘాటు కొత్తోళ్లకి దగ్గు తెప్పిస్తాది,
మాకైతే గాలే అది.

నా పీట మీద కూకున్నాను.
జీడి సొన తగలకుండా సేతులకి నూనె, బూడిద రాసుకున్నాను.
మద్దేనం దాకా ఎవుల్తోనూ మాటాడలేదు.
పైన ఈల రెండుపాల్లు కూసినాది.

ఇంటికొచ్చేసరికి పొయ్యి పక్కన
సగం కాలిన కర్ర, రేపటికి.
గొట్టం మేష్టారికి ఇచ్చీసినాదట గుంట,
"మళ్లీ అడగనా?" అన్నాది.
అక్కర్లేదు.
మూలుగు ఆగిందంటే నూరు.
నా సెవి సాలు.